వెనుక ఎడమ సీటు

కరీంనగర్‌లో పాట వినడం కోసం కారులో స్పీకర్లు పెట్టించుకున్నవాడిని నేను ఇంతవరకు చూడలేదు. అందరూ వినిపించడం కోసమే పెట్టించుకుంటారు. సాయంత్రం పూట బస్టాండు నుంచి టవర్ సర్కిల్ దాకా నడిచి చూడండి. ముందు బట్టల దుకాణాల అద్దాలు వణుకుతాయి, ఆ తర్వాత మీ పొట్టలో ఏదో కదులుతుంది, ఎప్పటికో కారు కనిపిస్తుంది. లోపలున్న మనిషి ముఖం చూస్తే ఆ పాట గురించి అతనికి ఏ అభిప్రాయమూ లేదని తెలిసిపోతుంది. మనం తల తిప్పి చూశామా లేదా అన్నదొక్కటే అతని ధ్యాస. డిక్కీ నిండా ఒక నల్ల డబ్బా, డబ్బా నిండా దరువు. సామాను పెట్టుకునే చోట చప్పుడు పెట్టుకుని, కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని ఇంటికి పోయే మనుషులు వీళ్లు.

ఇలాంటి ఊళ్లో నేను కూడా నా కారులో స్పీకర్లు పెట్టించాను. కారణం చెప్పకపోతే నన్నూ ఆ గుంపులో కలిపేస్తారు కనుక చెబుతున్నాను. మా అక్క నా కారు ఎక్కుతానన్నది.

మా అక్క ఖానాపూర్‌లో ఉంటుంది. బావ పోయాక అత్తవారింట్లో తన వాటాకు వచ్చిన భాగంలో, తన పొయ్యి మీద తాను వండుకుని, ఎవరి దయా లేకుండా బతుకుతున్నది. మా ఇంటి నిటారుతనమంతా ఆమె వెన్నులోనే మిగిలింది. నాకు దక్కింది అందులో సగం. నేను కారు కొన్న రోజు నుంచి ఆమె అందులో కాలు పెట్టలేదు. కారణం అడిగితే ఒకసారి విడమరచి చెప్పింది.

"మనింట్ల స్టీరింగు పట్టినోడు ఎవడన్న ఉన్నడా తమ్మీ? నువ్వు నడ్పంగ నేను ఎన్క కూసుంటె, నువ్వు నాకు డ్రైవర్‌వి అయితవ్. పోనీ ముంగట కూసుందామంటె, మనింటి ఆడోళ్లు డ్రైవర్ పక్కపొంటి ఎన్నడన్న కూసున్నరా? మరి నన్ను డిక్కిల ఎక్కియ్యి."

"బస్సులల్ల తిరుగుతున్నవు గద అక్కా?"

"బస్సు డ్రైవరు ఎవల కొడుకో నాకెర్కనా?"

మా బంధువుల్లో చాలామంది దీన్ని చాదస్తమన్నారు. వాళ్ల కొడుకులు పెండ్లిళ్లలో కార్ల మీదికెక్కి ఎగురుతారు కాబట్టి వాళ్లకు అలాగే అనిపిస్తుంది. నాకు మాత్రం అక్క మాట అక్షరం అక్షరం అర్థమైంది. అర్థం కావడమే ఇబ్బంది.

ఇప్పుడు ఆమె మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కనివ్వడం లేదు. కొండగట్టు అంజన్నకు ఒక మొక్కు ఉండిపోయింది. ఫోను చేసి, పలకరింపు కూడా లేకుండా, "గీ ఒక్కసారి నీ కార్ల వస్త. సూద్దాం," అన్నది. మా ఇంట్లో 'చూద్దాం' అన్న మాటకు అర్థం నాకు తెలుసు. ఈ ప్రయాణం ఆమెకు నచ్చితే మళ్లీ వస్తుంది, కరీంనగర్‌లో నా ఇంటికి వస్తుంది, కండ్లకు కమ్ముకుంటున్న మసకను డాక్టరుకు చూపించుకుంటుంది. నచ్చకపోతే ఇక ఖానాపూర్ దాటదు. అప్పుడు మేమిద్దరం కలుసుకునేది ఇద్దరిలో ఒకరు పోయినప్పుడే. ఆమెను తీసుకుపోవలసింది ఒక పాత, చిన్న కారులో. నడపవలసింది నేను. నా చేతిలో మిగిలిందల్లా ఆమె కూర్చునే చోటును ఆమెకు తగినట్టు చేయడం.

అందుకు నాకు మా బాపు కారు గుర్తుకొచ్చింది.

మాది జగిత్యాల వైపు ఒక ఊరి దొరల గడి. గడి అంటే ఇప్పుడు పెండ్లికి ముందు ఫోటోలు దిగడానికి జంటలు వెతుక్కుంటూ వచ్చే పాడుగోడలు. భూములు సీలింగు చట్టంలో కొన్ని పోయాయి, రైతుకూలీ సంఘాల రోజుల్లో కొన్ని, మిగిలినవి మా దాయాదుల తెలివితేటల్లో. వీటిలో నాకు ఎక్కువ అసహ్యం చివరిదంటేనే. అవన్నీ పోవడానికి కొంచెం ముందు బాపుకు పెద్ద ముక్కున్న ఒక నల్ల కారు ఉండేది. అందులో రేడియో ఉండేది. స్పీకరు ఒక్కటే, ముందు, డ్రైవరు మోకాళ్ల దగ్గర. కారు వచ్చిన కొత్తలోనే బాపు దాన్ని అక్కడినుంచి ఊడబీకించాడు. కరీంనగర్ నుంచి రేడియో మెకానిక్కును పిలిపించి, వెనుక సీటుకు పైన, అద్దం కింద ఉండే పలకకు రంధ్రం చేయించి ఎడమ మూలన బిగింపజేశాడు. "డ్రైవర్‌కు పాటెందుకు, తోవ సూడనియ్యి" అన్నాడట.

వెనుక ఎడమ సీటు ఆయనది. మా వైపు దొరలందరి సీటూ అదే. డ్రైవరుకు అందులో కూర్చున్నవాడు ఐమూలగా, కారులో అన్నిటికన్నా దూరంగా ఉంటాడు. రోడ్డు పక్కన నిలబడి దండం పెట్టేవాళ్లకు మాత్రం దగ్గరగా ఉంటాడు. బాపు చేతిలో వెండి పిడి ఉన్న కర్ర ఒకటి ఉండేది. కారు ఆపాలంటే ఆయన నోరు తెరిచేవాడు కాదు. కర్ర కొనతో డ్రైవరు ఎడమ భుజం మీద ఒక్కసారి తట్టేవాడు. కారు ఆగేది. నేను బాపుకూ అక్కకూ నడుమ కూర్చునేవాణ్ని. మెడ వెనుక నుంచి సన్నాయి వచ్చేది. ఇప్పటికీ సన్నాయి ఎదురుగా వినబడితే నాకు ఏదో తేడాగా ఉంటుంది. అది వెనుక నుంచి రావలసిన వాద్యం.

స్పీకర్ల దుకాణం బైపాస్ రోడ్డు మీద ఉంది. యజమాని దుబాయిలో కార్లకు ఇదే పని చేసి వచ్చినవాడు. మెడలో గొలుసు, చేతికి కడియం, షర్టు మీద అతను చదవలేని ఇంగ్లీషు మాటలు. నన్ను చూడగానే "రా అన్నా, కూసో" అన్నాడు. నేను నిలబడే ఉన్నాను. కాసేపటికి "సార్" అన్నాడు. అప్పుడు కూర్చున్నాను.

"ఎట్ల గావాలె సార్? ఫుల్ బేసా, మీడియమా?"

"బేసు లేకుంట దొరకదా?"

"బేసు లేకుంటె స్పీకరెందుకు సార్? హారన్ కొట్టుకుంట పోతె సరిపాయె."

దుకాణం ముందు నిలబెట్టిన తన కారులో నన్ను కూర్చోబెట్టి ఒక పాట పెట్టాడు. అది పాట అని అతను చెప్పాడు కాబట్టి నేనూ అలాగే అంటున్నాను. సీటు కదిలింది, అద్దం కదిలింది, తలుపులో ఎక్కడో వదులైన రేకు గలగలమన్నది. అతను నా ముఖంలోకి చూస్తూ బొటనవేలు పైకెత్తాడు.

"ఎట్లున్నది సార్?"

"గిర్నిల వడ్లు పోసినట్టున్నది."

"థాంక్స్ సార్," అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు.

నాకు కావలసింది చెప్పాను. ముందు ఏమీ వద్దు. ఉన్నవాటి వైర్లు కూడా తీసెయ్యి. వెనుక ఎడమ సీటులో కూర్చున్న మనిషికి సన్నాయి స్పష్టంగా, మెత్తగా వినబడాలి. మిగతా కారుతో నాకు పని లేదు.

అతను నవ్వాడు. "ఎన్క ఎవరు కూసుంటరు సార్ గిప్పుడు? సంచులు వెడ్తరు, పిల్లలను వెడ్తరు. నడ్పెటోడే ఓనర్. ట్వీటర్లు ముంగట అద్దం పక్కపొంటి పెట్టినమంటె, పాట మీ ముంగట నిలవడి పాడ్తది."

పాడేవాళ్లు మా ఇంట్లో ఎన్నడూ ఎదురుగా నిలబడలేదు. పక్కన, కొంచెం కిందుగా కూర్చునేవారు. ఈ సంగతి అతనికి చెప్పి ప్రయోజనం లేదు కనుక చెప్పలేదు.

"మరి మీరేమింటరు సార్?"

"రోడ్డు."

అతను ముందుగా కోడిగుడ్డు ఆకారంలో ఉండే పెద్ద స్పీకర్లు తెచ్చి, వెనుక అద్దం కింది పలక మీద పెడదామన్నాడు. ఈ జిల్లాలో ప్రతి కారుకూ అవే ఉంటాయి, మీద వెలిగే నీలం దీపంతో సహా. బాపు స్పీకరు కూడా ఆ పలక మీదే ఉండేది నిజమే. కానీ ఆ కారు ఇంత గదిలాగా ఉండేది, సీట్ల గుడ్డ చప్పుడును తాగేది. నా కారులో అక్కడ పెడితే స్వరం పైకి లేచి, వంగిన అద్దానికి కొట్టుకుని, బిందెలో నోరు పెట్టి పాడినట్టు తిరిగొస్తుంది. పెట్టించి విని, తీయించేశాను. వెనుక తలుపుల్లో గుండ్రటి స్పీకర్లు, వాటికి తోడు సన్నని స్వరాలు పలకడానికి విడిగా చిన్న ట్వీటర్లు, ఇంతే చాలన్నాను.

అయితే తలుపుల్లో వాటి చోటు పాదాల దగ్గర ఉంటుంది. కార్లు తయారుచేసేవాళ్లు మనిషి పిక్కలతో వింటాడనుకుంటారు. పైగా మా అక్క సీటు మీద ఒక కాలు మడిచి, చీర కుచ్చెళ్లు తలుపు వైపు పరిచి కూర్చుంటుంది. గడిలో పీట మీద కూర్చున్నట్టే. అప్పుడు ఆ స్పీకరు గుడ్డ కింద పడిపోతుంది. అందుకని దాన్ని మోచేతి ఎత్తుకు జరపమన్నాను.

"తలుపు ప్యాడ్ కొయ్యాలె సార్. కారు కరాబైతది."

"కొయ్యి."

ఇంకో చిక్కు. ఎడమ మూలన కూర్చున్న మనిషికి ఎడమ స్పీకరు చెవి పక్కనే అరుస్తుంది, కుడిది ఎక్కడో ఉంటుంది. ఎడమదాని చప్పుడు తగ్గించి, దాని ట్వీటరును మనిషి వైపు కాకుండా ఎదుటి తలుపు వైపు తిప్పాలి. కుడి ట్వీటరును మాత్రం సూటిగా ఆమె ముఖం వైపు పెట్టాలి. అప్పుడు వాద్యం ఆమెకు సరిగ్గా ఎదురుగానో చెవిలోనో ఉన్నట్టు కాక, కారు నడుమ ఎవరో కూర్చుని ఊదుతున్నట్టు ఉంటుంది. ఇదంతా నేను విడమరచి చెబుతుంటే దుకాణదారు సెల్‌ఫోను చూసుకుంటూ "అయితది సార్, అయితది" అంటున్నాడు. ఏదీ కాలేదు. ఎడమ ట్వీటరును నేరుగా చెవిలోకి తిప్పి బిగించాడు. విప్పించాను. మళ్లీ అలాగే బిగించాడు. చివరికి స్క్రూడ్రైవరు తీసుకుని నేనే తిప్పుకున్నాను.

సరిచూడటానికి మా ఆవిడను తీసుకుపోయాను. ఎత్తులో అక్కకు దగ్గరగా ఉంటుంది. కాలు మడిచి, కుచ్చెళ్లు తలుపు వైపు పరిచి, తల ఇంత వంచి కూర్చోమన్నాను.

"పెండ్లయిన కాంచి నన్ను గీ సీట్ల కూసోవెట్టి ఎట్లున్నదని అడిగినవా ఎన్నడన్న?" అన్నది. "గిప్పుడు మీ అక్క కోసం నా తలకాయ కొలుస్తున్నవ్."

"జర సప్పుడు జెయ్యకు. సన్నాయి ఏ దిక్కు నుంచి వస్తున్నది?"

"మీ గడి దిక్కు నుంచి."

దుకాణదారు పడీపడీ నవ్వాడు. ఆమె అతనితో కలిసి నవ్వింది. నేను సన్నాయి ఆపేశాను. ఆ సన్నాయి కూడా సులభంగా దొరికింది కాదు. బాపు పాత క్యాసెట్టును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో ఇస్తే, వాడు ప్రతి రాగానికీ ముందు తన దుకాణం పేరు తన గొంతుతో అరిచి పెట్టాడు. ఆ అరుపులు తీయించడానికి నేను మళ్లీ వాడి ముందు నిలబడవలసి వచ్చింది. "మార్కెటింగ్ సార్," అన్నాడు వాడు.

అనుకున్న రోజున పొద్దున్నే బయలుదేరి జగిత్యాల మీదుగా గోదావరి దాటి ఖానాపూర్ చేరాను. దారి పొడుగునా నాకు వినబడింది ఇంజను చప్పుడు, వెనుక నుంచి ఎవరింట్లోనో మోగుతున్నట్టు సన్నగా సన్నాయి. అది నాకోసం కాదు కనుక దాని గురించి ఆలోచించలేదు.

అక్క ఇంటి ముందు వాళ్ల మరిది కొడుకు తన బండి కడుగుతున్నాడు. అతను కూడా గల్ఫ్ నుంచి వచ్చినవాడే. లారీకి చెల్లెలిలాంటి కారు, మీద ఎవరూ ఎక్కని నిచ్చెన, వెనుక అద్దం మీద పెద్ద అక్షరాలతో తన పేరే. పాట పెట్టి కడుగుతున్నాడు. పక్కింటి బర్రె గొలుసు తెంపుకునేటట్టు ఉంది.

"ఏం మామా, పెద్దమ్మను గీ డబ్బల తీస్కపోతవా?" అన్నాడు. "నా బండ్ల పంపుతనంటె ఇంటలేదు." తల నా కారులోకి దూర్చి చూశాడు. "మామా, ముంగటి స్పీకర్లు సచ్చినయా?"

"బతికే ఉన్నయ్. నోరు మూసుకున్నయ్. నువ్వు సుత నేర్సుకో."

వాడు అది పొగడ్త అనుకున్నాడేమో, నవ్వుతూ మళ్లీ పైపు అందుకున్నాడు.

అక్క బయటికి వచ్చింది. జరీ అంచు తెల్లబడిన పాత పట్టుచీర, చేతిలో బాపు కర్ర. వెండి పిడి ఎప్పుడో పోయింది. అక్కడ నున్నని చెక్క, కింద జారకుండా రబ్బరు తొడుగు. నేను వెనుక ఎడమ తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. ఆమె రెండడుగులు వేసి ఆగింది.

"నువ్వు తలుపు తీసి పట్టుకుంటె నేను ఎక్కన్నా? జరుగు. నాకు చేతులు లేవా?"

జరిగాను. ఆమె తానే ఎక్కి, తానే తలుపు వేసుకుని, ఒక కాలు మడిచి, కుచ్చెళ్లు తలుపు వైపు పరిచింది. అన్నీ నేను లెక్కగట్టినట్టే. నేను స్టీరింగు ముందు కూర్చుని సన్నాయి పెట్టాను. అద్దంలో చూస్తే ఆమె కండ్లు మూసుకుని ఉంది. ముఖంలో ఏమీ లేదు. మా ఇంట్లో మెచ్చుకోలు అలాగే ఉంటుంది. మరిది కొడుకు చప్పుడు ఊరి చివర దాకా మమ్మల్ని తరిమి, అక్కడ ఆగిపోయింది. అప్పుడు చప్పుడు కొంచెం పెంచాను. బాపు కారులో ఎంత ఉండేదో అంత.

ఊళ్లు దాటాయి. రోడ్డు మీద సగం దాకా మక్కలు ఆరబోసి, మిగతా సగంలో మనల్ని పొమ్మనే రైతులను దాటుకుంటూ గోదావరి వంతెన ఎక్కాను. అద్దంలో అక్క పెదవులు కదులుతున్నాయి. రాగం వెంట ఏదో కూనిరాగం తీస్తున్నది అనుకున్నాను. గడిలో ఉన్నప్పుడు తీసేది. ఆ పెదవులు కదలడం చూస్తూ, నేను చేసింది సరిగ్గా చేశానని, ఈ జిల్లాలో ఇంకెవడికీ ఇది చేతకాదని అనుకుంటూ వంతెన దాటాను.

నా ఎడమ భుజం మీద కర్ర కొన తట్టింది. ఒక్కసారే.

ఆ తట్టును నేను ఎన్నడూ అనుభవించలేదు. చూశాను, అంతే. అయినా నా కాలు నన్నడగకుండా బ్రేకు మీదికి పోయింది. కారు రోడ్డు పక్కకు దిగి ఆగింది. నేను సన్నాయి ఆపాను. ఆమె కర్ర ఇంకా గాలిలోనే ఉంది. కర్ర వైపు నేను చూశాను, ఆమె కూడా చూసింది. దించింది.

"పిలిచి పిలిచి నోరు పోయింది. ఇనవడ్తలేదా?"

"పాట మోగుతున్నది గద అక్కా. ఏంది ముచ్చట?"

"ఏం లేదు. గోదాట్ల నీళ్లు ఎట్లున్నయో సూడుమన్న. గంతే. వంతెన దాటినంక ఏం జూస్తవ్?"

తర్వాత ఆమె మోచేతి దగ్గరున్న స్పీకరును వేళ్లతో తడిమింది.

"గిది గీడ పెట్టుమని ఎవడు చెప్పిండు?"

"బాపు పెట్టుకోలేదా? బాపు కార్ల గట్లనే ఉండె గద."

అక్క నవ్వింది. ఆమె ముక్కుతో నవ్వుతుంది, అదీ అరుదుగా. "బాపు పాట కోసం పెట్టిచ్చిండనుకున్నవా? నడుమ కూసోని నిద్రపోయెటోనివి, నీకేమెర్క. భూములు అమ్మే ముచ్చట్లన్ని గా సీట్లనే అయినయ్. చిన్నబాపుతోని కొట్లాట గా సీట్లనే అయింది. డ్రైవర్ చెవుల వడ్డదంటె పొద్దువడేసరికి ఊరందరికి ఎర్కయితది. అందుకే మోగిచ్చేది. సన్నాయి వచ్చిన గంతే, వార్తలొచ్చిన గంతే."

"బాపుకు సన్నాయంటె పానం."

"బాపుకు సన్నాయికి, పెండ్లి బ్యాండుకు ఫరక్ తెల్వది."

నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. అయితే ఒక సంగతి గుర్తుకొచ్చింది. రేడియోలో ఎవరో వరికి తగిలే తెగుళ్ల గురించి, మందు ఎట్లా చల్లాలో చాలాసేపు చెబుతుంటే కూడా బాపు ఆపించేవాడు కాదు. అది కూడా శ్రద్ధగా వింటున్నాడని, పొలాల మీద ఆయనకు అంత మమకారమని నేను అనుకునేవాణ్ని. ఆ పొలాలే ఆ చప్పుడు చాటున అమ్ముడుపోతున్నాయి.

"గా డ్రైవర్ ఎంత మంచోడు," అన్నది అక్క. "ఎన్నడు ఎన్కకు మర్రి సూడలే. గిప్పుడు వాని జాగల నువ్వున్నవ్. నిన్ను ఎవలు కూసోవెట్టలే, నీకు నువ్వే కూసున్నవ్. పాట నాకు, రోడ్డు నీకు. గిందుకే గద నేను రానన్నది."

అని తలుపు తీసి దిగింది.

వెనుక వంతెన మీద నుంచి జగిత్యాల బస్సు వస్తున్నది. అక్క కర్ర ఊతగా రోడ్డు పక్కన నిలబడింది. చేయి ఎత్తవలసిన పని కూడా లేదు, ఆ వయసు మనిషి రోడ్డు మీద నిలబడితే బస్సులు ఆగుతాయి. నేను స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాను. దిగి బతిమాలడం మా ఇద్దరిలో ఎవరికీ రాదు. ఆమె ఆ మోకాళ్లతో బస్సు మెట్లు ఎక్కుతుంది, ఎక్కి తీరుతుంది, ఇక ఈ కారు గురించి గానీ నా ఇంటి గురించి గానీ నేను ఎత్తకూడదు.

బస్సు ఆగింది. కండక్టరు తలుపులోంచి వంగి, "అవ్వా, వస్తున్నవా? జల్ది ఎక్కు, జల్ది!" అని అరిచాడు.

"ఎవల్రా నీకు అవ్వ? నీ అవ్వ ఇంటికాడ ఉంటది. పో, సక్కగ పో," అన్నది అక్క.

బస్సులో వాళ్లు నవ్వారు. కండక్టరు విజిలు ఊదాడు. బస్సు దుమ్ము మామీద వదిలి పోయింది. అక్క ఆ దుమ్ము తగ్గేదాకా కదలకుండా నిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని, వచ్చి ముందు తలుపు తీసింది.

"గా సంచి తియ్యి."

ముందు సీటు మీద నా నీళ్ల సీసా, జామకాయల సంచి ఉన్నాయి. తీశాను. ఆమె మెల్లగా కూర్చుని, కాలు మడవబోయి, చోటు చాలక విసుక్కుని దించింది. నోరు ఊరుకోలేక అడిగాను.

"మనింటి ఆడోళ్లు ముంగట కూసోరు గద అక్కా?"

"మనింటి ఆడోళ్లంటె ఎవలు? నేనొక్కదాన్నే మిగిలిన. నేనెట్ల కూసుంటె గదే మనింటి పద్ధతి. నడువు."

చేతిలోని కర్ర కాళ్లకు అడ్డం పడుతున్నదని, తల తిప్పకుండానే దాన్ని భుజం మీదుగా వెనుక సీటు మీదికి వేసింది. అది దొర్లి ఎడమ తలుపుకు ఆని పడుకుంది. "సన్నాయి పెట్టు. బంజెయ్యమన్ననా నేను? జర చిన్నగ పెట్టు," అన్నది.

కొండగట్టు దాకా మాట్లాడుతూనే ఉన్నది. కొత్తగా కట్టిన మేడల రంగులు, వాటి ముందు సిమెంటు సింహాలు, రోడ్డు మధ్యలో కేకు కోస్తున్న పోరగాళ్లు, మరిది కొడుకు నిచ్చెన, ఏదీ ఆమె నోటి నుంచి తప్పించుకోలేదు. నేను వదిలేసిన దాన్ని ఆమె అందుకుంటే, ఆమె వదిలేసిన దాన్ని నేను అందుకున్నాను. ఇన్నాళ్లూ ఒక్కణ్నే ఈసడించుకుంటూ తిరిగానని, అది ఇద్దరు కలిసి చేయవలసిన పని అని నాకప్పుడు తెలిసింది. కొండ మీద పూజ కోసం కొత్త బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ప్రతిదాని మెడలో బంతిపూల దండ, ప్రతిదాని కడుపులో దరువు. దేవుడికి కూడా వినిపించందే వదలరు. ఒక అయ్యగారు నా కారు దగ్గరికి వచ్చి, దీనికీ పూజ చేయిస్తారా అని అడిగాడు.

"గిది ఎవలకు సూపెట్టే బండి కాదయ్యా," అన్నది అక్క. మొక్కు తీర్చుకుని వచ్చి, ఎవరూ తీయకముందే ముందు తలుపు తీసుకుని కూర్చుంది. ఎక్కడికి పోవాలని నేను అడగలేదు. జగిత్యాల వైపు తిప్పబోతే, "అటెందుకు? కండ్ల డాక్టర్ ఉండేది కరీంనగర్‌ల గద," అన్నది.

ఇప్పుడు ఆమె కండ్ల కోసం వస్తూ పోతూ ఉంటుంది. ఒకరోజు వదులైన వైరు బిగించుకోవడానికి ఆ బైపాస్ దుకాణం ముందు ఆగాను. దుకాణదారు కిటికీలోంచి చూసి, "సార్, అక్క ముంగటనే కూసుంటున్నది గద. ఎన్కవి పీకి ముంగట పెడ్తా, ఒక్క గంటల అయితది, ఫికర్ జెయ్యకుండ్రి," అన్నాడు.

"గాడున్నయి గాడ ఉండనీ," అన్నది అక్క, నా కంటే ముందు. "మా ముచ్చట్లు మాకు ఇనవడాలె."

అతనికి ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేటట్టు చెప్పవలసిన అవసరం మాకు కనిపించలేదు. కారు తీశాను. ముందు మేమిద్దరం రోడ్డు మీద పోయే ప్రతి బండినీ తిట్టుకుంటూ పోతుంటే, వెనుక ఎడమ సీటు మీద బాపు కర్ర ఒక్కటే పడుకుని ఈ జిల్లాలోకెల్లా మంచి చోటి నుంచి సన్నాయి వింటూ వచ్చింది.